అప్పులు పీకల దాకా వచ్చాయా? ఐపీ పెట్టే ముందు ఒక్కసారి బ్యాంకుతో మాట్లాడండి.. 90 రోజుల్లోపు చేయాల్సినవి ఇవే!

"ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడట.." తెలుగు ఊళ్లలో ఈ మాట వినిపిస్తే చాలు, అప్పులిచ్చిన వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. అప్పు చేసిన మనిషి మాత్రం ఇక గండం గట్టెక్కినట్టే అనుకుంటాడు. నిజంగా గట్టెక్కుతాడా? అంత సీన్ లేదు. ఐపీ పెడితే అప్పు మాయమైపోదు. ఉన్న ఆస్తి కోర్టు చేతికి వెళుతుంది, జామీను ఉన్నవాళ్లు ఇరుక్కుంటారు, కేసు ఏళ్ల తరబడి సాగొచ్చు.

అయితే ఈఎంఐ కట్టలేని పరిస్థితికి, ఐపీకి మధ్య చాలా మెట్లున్నాయి. ఈఎంఐ తగ్గించుకోవచ్చు. గడువు పెంచుకోవచ్చు. కొన్ని నెలలు వాయిదా అడగొచ్చు. చివరికి సెటిల్‌మెంట్ కూడా చేసుకోవచ్చు. కాకపోతే ఇవన్నీ మనంతట మనం వెళ్లి అడిగితేనే వచ్చేవి. అది కూడా తొందరగా అడిగితేనే. ఎప్పుడు అడగాలి? ఏమని అడగాలి? బ్యాంకు వినకపోతే ఏం చేయాలి? పూర్తి వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం.

అసలు ఐపీ అంటే ఏంటి?

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. "నా అప్పులు నేను తీర్చలేను, నన్ను దివాలాదారుగా ప్రకటించండి" అని కోర్టును కోరడం. మన దగ్గర ఇప్పటికీ ఇది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ప్రకారమే నడుస్తోంది. ఆ చట్టం ఎంత పాతదంటే, పిటిషన్ వేయడానికి అప్పు కనీసం 500 రూపాయలు ఉంటే చాలు అని అందులో ఉంది.

2016లో ఐబీసీ పేరుతో కొత్త దివాలా చట్టం వచ్చింది కదా అనే సందేహం రావచ్చు. వచ్చింది. కానీ అందులో వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగం, కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే 2019 డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సామాన్య ఉద్యోగికి, రైతుకు, చిన్న దుకాణదారుడికి ఆ దారి ఇంకా తెరుచుకోలేదు.

ఐపీ పెడితే ఏమవుతుంది?

- కోర్టు దివాలాదారుగా ప్రకటించగానే మీ ఆస్తులు కోర్టు లేదా రిసీవర్ చేతికి వెళతాయి. వాటిని అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు. చట్టం మినహాయించిన కొన్ని కనీస అవసర వస్తువులే మీకు మిగులుతాయి.

- ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకుంటే, ఆ బ్యాంకు తన తాకట్టు హక్కును వాడుకోవచ్చు. ఐపీ పెట్టినంత మాత్రాన ఆ హక్కు పోదు.

- జామీను సంతకం పెట్టిన బావమరిదికో, స్నేహితుడికో విముక్తి రాదు. మీకు కోర్టు డిశ్చార్జ్ ఇచ్చినా సరే, బ్యాంకు వాళ్ల వెంట పడొచ్చు.

- ఐపీకి ముందు ఆస్తులు భార్య పేరు మీదికో, పిల్లల పేరు మీదికో రాసేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తుంటారు. దివాలా పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్లలోపు అలా ఊరికే రాసిచ్చిన ఆస్తి బదిలీలను కోర్టు రద్దు చేయగలదు.

- దివాలాదారుగా ప్రకటించడం వేరు, అప్పుల నుంచి విడుదల వేరు. విడుదల కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. కోర్టు ఒప్పుకోవచ్చు, షరతులు పెట్టొచ్చు, నిరాకరించొచ్చు కూడా. ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు, మోసం చేసి తెచ్చిన అప్పులు ఆ తర్వాత కూడా పోవు.

- డిశ్చార్జ్ రాని దివాలాదారు ఎమ్మెల్యేగా, ఎంపీగా ఉండటానికి రాజ్యాంగం ప్రకారం అనర్హుడు.

ఐపీ పెట్టడం నేరమేమీ కాదు. చట్టం ఇచ్చిన హక్కే. నిజంగా ఏ దారీ లేనివాళ్లకు అది ఉండాల్సిందే. కానీ అది చివరి మెట్టు. ముందున్న మెట్లు ఎక్కకుండానే చాలామంది అక్కడికి వెళ్లిపోతున్నారు.

బ్యాంకు మన మాట ఎందుకు వింటుంది? 90 రోజుల లెక్క ఇదీ..

"మనం వెళ్లి కట్టలేనంటే బ్యాంకోళ్లు ఊరుకుంటారా? ఇంకా గట్టిగా పట్టుకుంటారు" అని చాలామంది భయం. నిజానికి లెక్క వేరేలా ఉంటుంది.

ఈఎంఐ గడువు దాటిన రోజు నుంచే బ్యాంకు సిస్టమ్ మీ ఖాతాను ఒక జాబితాలో వేస్తుంది. 30 రోజుల వరకు ఎస్‌ఎంఏ-0, 31 నుంచి 60 రోజుల వరకు ఎస్‌ఎంఏ-1, 61 నుంచి 90 రోజుల వరకు ఎస్‌ఎంఏ-2. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి. పంట రుణాలకు మాత్రం లెక్క వేరు, అవి పంట కాలాన్ని బట్టి ఉంటాయి.

ఖాతా ఎన్‌పీఏ అయితే బ్యాంకుకూ నష్టమే. ఆ లోన్‌పై రాని వడ్డీని ఆదాయంగా చూపించుకోలేదు. పైగా తన లాభంలోంచి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. వేలం వేయాలంటే నోటీసులు, లాయర్లు, కోర్టులు. అందుకే 90 రోజుల్లోపు వచ్చి "కడతాను, కాకపోతే ఇంతే కట్టగలను" అని చెప్పే మనిషి బ్యాంకుకు కూడా కావాలి.

ఇక్కడే చాలామందికి తెలియని ఇంకో విషయం ఉంది. ఎన్‌పీఏ కాకముందు ఒక్క ఈఎంఐ కట్టినా ఖాతా కాస్త వెనక్కి వస్తుంది. కానీ ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఒకటి రెండు ఈఎంఐలు కడితే సరిపోదు. మొత్తం బకాయి కడితేనే మళ్లీ మామూలు ఖాతా అవుతుందని 2021 నవంబర్‌లో ఆర్‌బీఐ స్పష్టం చేసింది. అంటే 85వ రోజున 15 వేలతో అయ్యే పని, 95వ రోజున 60 వేలు పెట్టినా కాకపోవచ్చు. ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకుని కూర్చున్న ప్రతి రోజూ మన చేతిలోని దారి ఒక్కొక్కటే మూసుకుపోతుంది.

బ్యాంకుకు వెళ్లే ముందు.. ఒక తెల్లకాగితం చాలు

ముందు ఇంట్లో కూర్చుని లెక్క రాయండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రాస్తే ఇంకా మంచిది. అప్పు సంగతి ఇంట్లో దాచడం వల్లే సగం తప్పులు జరుగుతాయి.

కాగితం మీద నాలుగు గడులు గీయండి. ఎవరికి బాకీ, ఎంత బాకీ, వడ్డీ ఎంత, నెలకు ఎంత కట్టాలి. బ్యాంకు లోన్‌తో పాటు క్రెడిట్ కార్డు, లోన్ యాప్, చీటీ, చేబదులు, నోటు మీద తెచ్చిన అప్పు.. ఏదీ వదలొద్దు. వడ్డీలన్నీ ఏడాది లెక్కలోకి మార్చండి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఐదు రూపాయల వడ్డీ అంటే 60 శాతం. ఆ అంకె కళ్ల ముందు కనిపిస్తేనే ఏది ముందు తీర్చాలో అర్థమవుతుంది.

పక్కన నెల ఆదాయం, ఇంటి ఖర్చు రాయండి. బియ్యం, పాలు, కరెంటు, ఫీజులు, మందులు. ఖర్చు పోగా మిగిలేది ఎంతో, అంతే మీరు అప్పులకు కట్టగలిగేది. బ్యాంకు మేనేజర్ ముందు మీ దగ్గర ఉండాల్సింది ఈ ఒక్క అంకె.

క్రెడిట్ కార్డు మినిమమ్ డ్యూ.. అసలు ఉచ్చు ఇదే

కార్డు బాకీ లక్ష రూపాయలు, నెల వడ్డీ 3.5 శాతం అనుకుందాం. నెల వడ్డీ రూ.3,500. ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ రూ.630. మీరు ఆ నెల రూ.5,000 కడితే అసలులో తగ్గేది కేవలం రూ.870. అది కూడా మళ్లీ కార్డు గీకకపోతేనే. "నెలనెలా కడుతూనే ఉన్నా, బాకీ తగ్గట్లేదేంటి?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

బ్యాంకును ఏమేం అడగొచ్చు?

1. గడువు పెంపు: మిగిలిన కాలం పెంచితే ఈఎంఐ తగ్గుతుంది. మొత్తం వడ్డీ మాత్రం పెరుగుతుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌లో వడ్డీ రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అనే చాయిస్ మీకు ఇవ్వాలని 2023 ఆగస్టులో ఆర్‌బీఐ చెప్పింది.

2. కొన్నాళ్లు వాయిదా: ఉద్యోగం పోయినా, ఆపరేషన్ జరిగినా రెండు మూడు నెలలు ఈఎంఐ ఆపమని అడగొచ్చు. ఇస్తారా లేదా అనేది బ్యాంకు పాలసీ. కరోనా టైంలో 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఇచ్చిన మారటోరియం గుర్తుందా? అప్పుడు ఈఎంఐ ఆగింది కానీ వడ్డీ ఆగలేదు. ఏ వాయిదాకైనా ఇదే లెక్క.

3. కార్డు బాకీని ఈఎంఐగా మార్చడం: కార్డు వడ్డీ కంటే చాలా తక్కువ రేటుకు వాయిదాల్లోకి మారుస్తారు. మార్చిన రోజే ఆ కార్డు వాడకం ఆపేయాలి. లేదంటే రెండు బాకీలవుతాయి.

4. పెనాల్టీల మాఫీ: అసలు, వడ్డీ కడతాను, ఆలస్య రుసుములు తీసేయండి అని అడగడం తప్పేం కాదు. 2023లో వచ్చిన ఆర్‌బీఐ నిబంధన ప్రకారం ఆలస్యానికి వేసేది పెనాల్టీ చార్జీగానే ఉండాలి. దాన్ని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. స్టేట్‌మెంట్ తీసి ఒకసారి చూసుకోండి.

5. రైతులకు: కరవు, వరద లాంటి విపత్తులో పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటే పంట రుణాన్ని రీషెడ్యూల్ చేసే వెసులుబాటు ఆర్‌బీఐ మార్గదర్శకాల్లో ఉంది. నష్టం అంచనాల్లో మీ పేరు, సర్వే నంబర్ ఎక్కాయో లేదో ముందు చూసుకోండి.

6. చిన్న వ్యాపారులకు: ఎంఎస్‌ఎంఈ లోన్లు చిక్కుల్లో పడితే పరిష్కారం కోసం బ్యాంకుల్లో ప్రత్యేక కమిటీలు ఉండాలని ఆర్‌బీఐ 2016లోనే చెప్పింది. రూ.25 కోట్ల వరకు లోన్ ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఎన్‌పీఏ కాకముందే మీరే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ అంటగట్టారా? ఆ పేపర్లు తీసి చూడండి. కొన్ని పాలసీల్లో ప్రమాదం, జబ్బు, ఉద్యోగం పోవడం లాంటి వాటికి కవరేజీ ఉంటుంది. ప్రీమియం కట్టి మర్చిపోయిన వాళ్లు చాలామందే.

లెక్కతో చూద్దాం.. నెలకు రూ.6,690 ఎలా మిగిలింది?

ఒక ఉద్యోగికి చేతికొచ్చే జీతం రూ.50,000 అనుకుందాం. ఇంటి ఖర్చు రూ.22,000. మూడు అప్పులున్నాయి.

- హోమ్ లోన్ రూ.18 లక్షలు, 9 శాతం వడ్డీ, ఇంకా 15 ఏళ్లు: ఈఎంఐ సుమారు రూ.18,250

- పర్సనల్ లోన్ రూ.3 లక్షలు, 15 శాతం వడ్డీ, ఇంకా 3 ఏళ్లు: ఈఎంఐ సుమారు రూ.10,400

- కార్డు బాకీ రూ.లక్ష: నెలకు రూ.5,000

మొత్తం రూ.33,650. జీతంలో మిగిలేది రూ.16,350. ఇంటికి కావాల్సింది 22 వేలు. అంటే నెలకు రూ.5,650 లోటు. ఈ లోటు పూడ్చడానికే మనిషి లోన్ యాప్ వైపు చూస్తాడు. అక్కడి నుంచి పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు మొదలవుతుంది.

ఇదే మనిషి ముందే వెళ్లి మాట్లాడితే? హోమ్ లోన్ గడువు 20 ఏళ్లకు పెంచితే ఈఎంఐ సుమారు రూ.16,200. పర్సనల్ లోన్ 5 ఏళ్లకు మారిస్తే రూ.7,140. కార్డు బాకీ 18 శాతం వడ్డీతో మూడేళ్ల ఈఎంఐ చేస్తే రూ.3,620, జీఎస్టీ అదనం. మొత్తం రూ.26,960. జీతంలో రూ.23,040 మిగులుతుంది. ఇంటి ఖర్చు పోగా ఇంకో వెయ్యి దాకా చేతిలో ఉంటుంది. జీతం పెరగలేదు, ఎవరూ మాఫీ చేయలేదు. లోటు మాత్రం పోయింది.

దీనికి మూల్యం లేదా అంటే ఉంది. పర్సనల్ లోన్‌పై అదనంగా సుమారు రూ.54 వేలు, హోమ్ లోన్ చివరిదాకా అలాగే సాగితే సుమారు రూ.6 లక్షల వడ్డీ ఎక్కువ పడుతుంది. అందుకే ఊపిరి తిరిగాక మళ్లీ ఈఎంఐ పెంచుకోవాలి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్లు ముందే తీర్చినా పెనాల్టీ వేయకూడదనే నిబంధన ఉంది. బోనస్ వచ్చినప్పుడల్లా కొంత అసలులో కట్టేయొచ్చు. అలాగే బ్యాంకు దీన్ని రీస్ట్రక్చరింగ్ కింద చూపిస్తే క్రెడిట్ రిపోర్టులో ఆ మాట పడుతుంది, కొత్త లోన్లకు కొన్నాళ్లు ఇబ్బందే. సంతకం పెట్టే ముందే "ఇది నా రిపోర్టులో ఎలా కనిపిస్తుంది?" అని అడిగి తెలుసుకోండి.

ఎలా అడగాలి? ఈ లెటర్ రాసుకోండి

నోటిమాటగా చెప్పి వచ్చేస్తే రేపు మేనేజర్ మారతారు, మీరు చెప్పిందీ పోతుంది. రాతపూర్వకంగా ఇవ్వండి. ఇలా రాస్తే సరిపోతుంది..

"అయ్యా, మీ శాఖలో నా లోన్ ఖాతా నంబర్ ఫలానా. ఇంతవరకు సక్రమంగా కట్టాను. ఫలానా నెలలో ఉద్యోగం పోవడం వల్ల / అనారోగ్యం వల్ల ఆదాయం తగ్గింది. ప్రస్తుతం నా నెల ఆదాయం ఇంత, ఇంటి ఖర్చు ఇంత. నెలకు ఇంత మాత్రమే కట్టగలను. అప్పు పూర్తిగా తీర్చే ఉద్దేశం నాకు ఉంది. గడువు పెంచి ఈఎంఐ తగ్గించవలసిందిగా, ఆలస్య రుసుములు మినహాయించవలసిందిగా కోరుతున్నాను. ఆధారాలు జతచేశాను. జవాబు రాతపూర్వకంగా ఇవ్వగలరు."

జీతం స్లిప్పులు, ఉద్యోగం పోయిన లెటర్, ఆస్పత్రి బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయండి. రెండో కాపీ మీద బ్యాంకు స్టాంపు, తేదీ వేయించుకోండి. అదే లెటర్ మెయిల్ కూడా చేయండి. కట్టగలిగినంతే ఒప్పుకోండి. మొహమాటానికి "పదివేలు కడతా సార్" అని ఒప్పుకుని రెండో నెలే తప్పితే, మూడోసారి మీ మాట ఎవరూ వినరు.

జవాబు వచ్చేదాకా ఎంతోకొంత కడుతూనే ఉండండి. మొత్తం కట్టలేకపోయినా, కట్టే ఉద్దేశం ఉందనడానికి అదే రుజువు.

90 రోజులు దాటిపోయిందా? ఇంకా దారులున్నాయి

తాకట్టు ఉన్న లోన్ అయితే బ్యాంకు సర్ఫేసీ చట్టం, 2002 కింద నోటీసు పంపుతుంది. నోటీసు రాగానే ఇల్లు పోయినట్టు కాదు. మీకు 60 రోజుల గడువు ఉంటుంది. ఆలోపు అభ్యంతరాలు రాతపూర్వకంగా పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. తర్వాత స్వాధీనం చర్యలు మొదలైతే 45 రోజుల్లోపు డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఈ ట్రైబ్యునళ్లు ఉన్నాయి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. మొత్తం బాకీ కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు వేలం నోటీసు ప్రచురించే వరకే. ఆఖరి రోజు డబ్బుతో వస్తానంటే కుదరదు. ఇల్లు అమ్మక తప్పదనిపిస్తే, వేలానికి వెళ్లకముందే బ్యాంకుకు చెప్పి మీరే కొనేవాళ్లను వెతుక్కోండి. వేలంలో కంటే మంచి రేటు వచ్చే అవకాశం ఎక్కువ. బాకీ పోగా మిగిలింది మీ చేతికొస్తుంది. కారుకైనా, తాకట్టులో ఉన్న బంగారానికైనా ఇదే సూత్రం.

వన్ టైమ్ సెటిల్‌మెంట్: ఒకేసారి ఇంత కడతాను, మిగిలింది వదిలేయండి అని అడగడం. బ్యాంకు తప్పనిసరిగా ఒప్పుకోవాలనేం లేదు, ఇది మన హక్కు కాదు. ఒప్పుకుంటే మాత్రం సెటిల్‌మెంట్ లెటర్ చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. అందులో మొత్తం ఎంత, ఎప్పటిలోగా, ఆ తర్వాత ఏ బాకీ లేదని స్పష్టంగా ఉండాలి. ఏజెంట్ సొంత ఖాతాకు, ఫోన్‌పేకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

సెటిల్ చేసుకుంటే క్రెడిట్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు లోన్ ఇచ్చేవాళ్లు దాన్ని మంచిగా చూడరు. సెటిల్‌మెంట్ జరిగాక వ్యవసాయేతర రుణాల్లో అదే బ్యాంకు కనీసం 12 నెలల వరకు కొత్త లోన్ ఇవ్వకూడదని 2023లో ఆర్‌బీఐ నిబంధన పెట్టింది. పూర్తిగా కట్టే దారి ఉంటే అదే మేలు. లేదంటే ఐపీ కంటే సెటిల్‌మెంట్ వెయ్యి రెట్లు నయం.

లోక్ అదాలత్: కోర్టు కేసు పడకముందే బ్యాంకు బకాయిలను ఇక్కడ రాజీ చేసుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇక్కడ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే కట్టగలిగే మొత్తానికే ఒప్పుకోండి.

అప్పు పూర్తిగా తీరాక ఇంటి ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున పరిహారం ఇవ్వాలనే నిబంధన 2023 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది.

రికవరీ ఏజెంట్లు వేధిస్తుంటే..

ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, బంధువులను, స్నేహితులను వేధించడం నిషేధం. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ ఈ విషయాన్ని మరోసారి గట్టిగా చెప్పింది. కాల్ రికార్డు చేయండి, మెసేజ్‌లు దాచండి, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబర్ 14448. ఇంటి మీదికొచ్చి దౌర్జన్యం చేస్తే నేరుగా పోలీసులకు చెప్పండి.

"కట్టకపోతే జైలుకే" అని ఏజెంట్లు అంటుంటారు. ఈఎంఐ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, అంతమాత్రాన అరెస్టు చేయరు. కానీ చెక్ బౌన్స్ అయితే క్రిమినల్ కేసు పెట్టొచ్చు. నకిలీ పత్రాలతో లోన్ తెచ్చినా నేరమే. కోర్టు నుంచి వచ్చిన సమన్లను, లాయర్ నోటీసును మాత్రం ఎప్పుడూ పక్కన పడేయొద్దు.

నోటు మీద అప్పు, కాల్‌మనీ, లోన్ యాప్స్ సంగతేంటి?

బ్యాంకు వరకు సరే, ఊళ్లో తెచ్చిన అప్పుల మాటేమిటి? ఇక్కడా మాట్లాడటమే మార్గం. ఐపీ పెడితే చేతికి ఏమొస్తుందో అప్పిచ్చినవాళ్లకూ తెలుసు. అందుకే పెద్ద మనుషులను కూర్చోబెట్టి వడ్డీ తగ్గించమని, వాయిదాలు ఇవ్వమని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. కట్టిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు రాయించుకోండి. బ్యాంకు ద్వారా పంపితే ఇంకా మంచిది. బాకీ తీరిన రోజే నోటు, చెక్కులు వెనక్కి తీసుకోండి. ఖాళీ చెక్కు, ఖాళీ నోటు మీద సంతకం పెట్టొద్దు. 2015 డిసెంబర్‌లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం ఈ తరహా అప్పులు ఎంత దూరం వెళతాయో చూపించింది.

లోన్ యాప్ అయితే దాని వెనుక ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ ఉందో ముందు చూడండి. ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ లేని యాప్ అయితే 'సచేత్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫొటోలు మార్ఫ్ చేస్తామని బెదిరిస్తే వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు కాల్ చేయండి.

ఈ తప్పులు అస్సలు చేయొద్దు

- ఈఎంఐ కట్టడానికి లోన్ యాప్‌లో అప్పు తీసుకోవద్దు. తక్కువ వడ్డీ అప్పును ఎక్కువ వడ్డీ అప్పుతో తీర్చినట్టవుతుంది.

- "మీ బాకీ సగానికి సెటిల్ చేయిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనే ఏజెన్సీలను నమ్మొద్దు. "ఈఎంఐ ఆపేయండి, మేం చూసుకుంటాం" అన్నారంటే ఇంకా ప్రమాదం. మీ బ్యాంకుతో మీరే మాట్లాడటానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

- ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కట్టడం మానేయండి. ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు, ఉండే ఇల్లు, సంపాదన తెచ్చే బండి ముందు. ఆ తర్వాత ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు.

- జామీను ఉన్నవాళ్లకు చెప్పకుండా దాచొద్దు. చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత మీతో సమానం. నోటీసు చూసి తెలుసుకోవడం కంటే మీ నోటి నుంచి వినడమే వాళ్లకు మేలు.

- ఏడాదికోసారి క్రెడిట్ రిపోర్టు చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్.. నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తే సరిచేయించుకోండి.

చివరిగా ఒక్క మాట

అప్పు తీర్చలేకపోవడం కంటే, ఆ సంగతి చెప్పుకోలేకపోవడమే చాలామందిని దెబ్బతీస్తోంది. పరువు పోతుందని ఇంట్లో చెప్పరు, తిడతారని బ్యాంకుకు వెళ్లరు. చివరికి ఐపీకో, అంతకంటే ఘోరమైన నిర్ణయానికో వెళ్లిపోతారు. అలాంటి ఆలోచన వస్తే ఆలస్యం చేయకుండా 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.

ఈ నెల ఈఎంఐ కష్టమని ఇప్పుడే అనిపిస్తోందా? అయితే గడువు తేదీ దాటేదాకా ఆగొద్దు. ఈ రాత్రికి ఆ కాగితం మీద లెక్క రాయండి. రేపు ఉదయం లెటర్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. ఉదాహరణలోని ఈఎంఐలు లెక్క అర్థం కావడానికి ఇచ్చినవి. వడ్డీ రేట్లు, రీస్ట్రక్చరింగ్, సెటిల్‌మెంట్ నిబంధనలు బ్యాంకును బట్టి మారతాయి. నోటీసులు, కోర్టు కేసులు ఉంటే న్యాయవాదిని గానీ, ఉచిత సలహా కోసం మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గానీ సంప్రదించండి.)